ఎండోస్కోపీ నార్మల్, మాత్ర వేసుకున్నా మంట తగ్గడం లేదు: తర్వాత చూడాల్సినవి

మీరు రాసింది క్లుప్తంగా ఇది. వయసు 36. మూడేళ్ళుగా గుండెల్లో మంట, పులిత్రేన్పులు, గొంతులో ఉండ అడ్డం పడ్డట్టు ఉండడం, నాలుగు ముద్దలు తినగానే కడుపుబ్బరం. మాత్ర వాడుతుండగా చేసిన ఎండోస్కోపీ నార్మల్, అందులోనే హెచ్ పైలోరీ (కడుపులో చేరి పుండు తెచ్చే క్రిమి) లేదన్నారు, పొట్ట స్కానింగ్ నార్మల్. మొదట పాంటోప్రజోల్–డాంపెరిడోన్ వాడారు, ఏడాదిగా రాబెప్రజోల్–లెవోసల్పిరైడ్ క్యాప్సూల్ వాడుతున్నారు. రెండు రోజులు మానేస్తే మంట రెట్టింపు అవుతోంది. రాత్రి భోజనం పదింటికి, పదకొండింటికల్లా పడక. ఆరు నెలలుగా నెలసరి కూడా సరిగా రావడం లేదు. ఇంట్లో వాళ్ళు "టెన్షన్ వల్లే" అంటున్నారు. ఇది అసిడిటీయేనా, వేరే ఏదన్నానా అని మీ ప్రశ్న.

మిగతావి పక్కన పెట్టి ముందు నెలసరి సంగతి చూద్దాం. దాన్ని మీరు ఆఖర్న ఒక్క ముక్కలో రాశారు గానీ, తొందరగా తేల్చుకోవాల్సింది అదే. లెవోసల్పిరైడ్ కడుపు కదలికను పెంచడానికి డోపమిన్ పనిని అడ్డుకుంటుంది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ మితిమీరకుండా పట్టి ఉంచేది కూడా డోపమినే. ఆ పట్టు వదిలితే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. నెలసరి తప్పుతుంది, కొందరికి రొమ్ముల్లో సలుపు, పాలలాంటి స్రావం వస్తాయి. డాంపెరిడోన్ కూడా ఇదే పని చేస్తుంది. కాబట్టి ముందు ఇంట్లో గర్భ పరీక్ష చేసుకోండి. అది లేదని తేలితే ఉదయం పూట ప్రొలాక్టిన్, దాంతోపాటు థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించండి. మీ డాక్టరుకి ఈ విషయం చెప్పి, జంట క్యాప్సూల్ బదులు ఒక్క రాబెప్రజోలే రాయమని అడగండి. మందు ఆపిన కొద్ది రోజుల్లో ప్రొలాక్టిన్ దిగడం మొదలవుతుంది. నెలసరి దారిలో పడడానికి ఒకటి రెండు నెలలు పట్టవచ్చు. అప్పటికీ దిగకపోతే కారణం వేరే చోట ఉందని అర్థం. హార్మోన్ల డాక్టరుని, అంటే ఎండోక్రైనాలజిస్టుని కలవాలి.

మన దగ్గర ఈ జంట క్యాప్సూళ్ళ వాడకం చాలా ఎక్కువ. పేరు పక్కన డీ ఉంటే సాధారణంగా డాంపెరిడోన్, ఎల్ ఉంటే లెవోసల్పిరైడ్. ఆ అక్షరాన్ని నమ్ముకోకుండా స్ట్రిప్పు వెనక సన్నటి అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. డాంపెరిడోన్ గుండె లయను దెబ్బతీసే ప్రమాదం ఉందని ఐరోపా మందుల నియంత్రణ సంస్థ 2014లో మోతాదు తగ్గించింది: 10 మిల్లీగ్రాములు, రోజుకి మూడుసార్లకి మించకుండా, వారానికి మించకుండా. మన జంట క్యాప్సూల్లో నిదానంగా విడుదలయ్యే 30 మిల్లీగ్రాములు ఉంటుంది, దాన్ని నెలల తరబడి వాడేస్తారు. క్లారిత్రోమైసిన్ (యాంటీబయాటిక్), ఫ్లూకొనజోల్ (ఫంగస్ మందు) లాంటివి తోడైతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా లెవోసల్పిరైడ్ వాడుతూ చేతులు వణకడం, అడుగులు చిన్నవైపోవడం, ఒళ్ళు బిగుసుకోవడం కనిపిస్తే, పార్కిన్సన్స్ అనుకునే ముందు ఆ క్యాప్సూల్‌ని అనుమానించాలి.

ఇప్పుడు మంట. మాత్ర పనిచేయడం లేదనే ముందు అది పనిచేసే వీలు దొరికిందా అని చూడాలి. పాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్, ఇవన్నీ ఒకే కుటుంబం. కడుపు గోడలో ఆమ్లాన్ని తోడే పంపులుంటాయి. ఈ మందు వాటిని శాశ్వతంగా మూసేస్తుంది, కానీ అప్పుడు నడుస్తున్న పంపుని మాత్రమే మూయగలదు. ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు నడిచే పంపులు కొద్ది. భోజనం వాటిని లేపుతుంది. మందు రక్తంలో ఉండేదేమో గంటా రెండు గంటలే. అంటే మందు రక్తంలోకి వచ్చేసరికి టిఫిను కడుపులో పడాలి. అందుకే 30 నుంచి 60 నిమిషాల ముందు అంటారు. "పరగడుపున వేసుకో" అన్న మాటని చాలామంది పొద్దున్నే ఆరింటికి మాత్ర, తర్వాత కాఫీ, పదింటికి ఇడ్లీ అని అర్థం చేసుకుంటారు. పంపులు లేచేసరికి మందు ఉండదు. టిఫిను తిన్నాక వేసుకున్నా అంతే, పడుకునే ముందు వేసుకున్నా అంతే. మీ మంట ఎక్కువగా రాత్రి పూటైతే అదే ఒక్క మాత్రని పొద్దున కాకుండా రాత్రి భోజనానికి అరగంట ముందుకి మార్చుకోవచ్చు.

ఇంకో పొరపాటు, మంట వచ్చినప్పుడు వేసుకోవడం. పూర్తి ప్రభావం రావడానికి మూడు నుంచి అయిదు రోజులు పడుతుంది. అప్పటికప్పుడు చల్లబరచడం ఈ మందు పని కాదు. క్యాప్సూల్ విప్పి లోపలి గుళికల్ని నమలడం, మాత్రని పొడి చేయడం కూడా వద్దు. పైనున్న పూత పోతే కడుపులోని ఆమ్లమే మందుని తినేస్తుంది.

కాబట్టి ఒక్క మందు, సరైన టైముకి, 8 వారాలు తప్పకుండా వాడి చూడాలి. సగం వరకే తగ్గితే డాక్టరుతో మాట్లాడి మరో 4 నుంచి 8 వారాలు రోజుకి రెండుసార్లు, టిఫినుకి ముందు ఒకటి, రాత్రి భోజనానికి ముందు ఒకటి. వోనోప్రజాన్ అనే కొత్త రకం ఇప్పుడు మన దగ్గరా దొరుకుతోంది. దానికి భోజనంతో ముడి లేదు. అయితే అది కూడా ఆమ్లాన్ని తగ్గించేదే. సరిగ్గా వాడిన ఎనిమిది వారాల్లో పావు వంతు కూడా తగ్గలేదంటే అసలు గొడవ ఆమ్లంతో కాకపోవచ్చు. అక్కడి నుంచి మందు బలం పెంచుకుంటూ పోవడమే మూడేళ్ళు ఇలా గడిచిపోవడానికి మామూలు కారణం.

మానేస్తే రెట్టింపవుతోందన్నారు, దాని మీద మీకు భయం ఉంది. అది రోగం ముదిరిందనడానికి గుర్తు కాదు. ఆమ్లాన్ని నెలల తరబడి అణచి ఉంచితే శరీరం గ్యాస్ట్రిన్ హార్మోన్ పెంచి, ఆమ్లం తయారీకి ఎక్కువ బలగాన్ని సిద్ధం చేసుకుంటుంది. మందు తీసేయగానే ఆ బలగమంతా ఒకేసారి పనిలోకి దిగుతుంది. 2009లో డెన్మార్క్‌లో ఏ జబ్బూ లేని 120 మందిని తీసుకుని, సగం మందికి 8 వారాలు ఎసోమెప్రజోల్, మిగతావాళ్ళకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి తర్వాత గమనించారు. నిజం మందు వాడి ఆపినవాళ్ళలో 44 శాతానికి, ఉత్తుత్తి మాత్ర వాళ్ళలో 15 శాతానికి మంట, పులిత్రేన్పుల లాంటివి వచ్చాయి. అసలు జబ్బే లేనివాళ్ళకే అలా జరిగింది. ఆపాక రెండు వారాల నుంచి నెల వరకు ఇది మామూలే, ఏళ్ళ తరబడి వాడినవాళ్ళకి ఇంకొంచెం ఎక్కువ రోజులు ఉండొచ్చు.

అందుకే ఒక్కసారిగా కాకుండా మెట్లు దిగినట్టు దిగాలి. పూర్తి మోతాదు నుంచి సగం మోతాదుకి వచ్చి రెండు వారాలు, తర్వాత రోజు విడిచి రోజు మరో రెండు వారాలు, ఆపై ఆపడం. ఈ మధ్యలో ఆల్జినేట్ సిరప్ ఆదుకుంటుంది. తిన్న తర్వాత ఆమ్లం అన్నంతో పూర్తిగా కలవకుండా, కడుపు పైభాగాన, అన్నవాహిక ద్వారం దగ్గరే ఒక మడుగులా తేలుతుంది. ఆల్జినేట్ సరిగ్గా అక్కడే జిగురు తెప్పలా ఏర్పడి దాన్ని అడ్డుకుంటుంది. భోజనమయ్యాక 10 నుంచి 20 మిల్లీలీటర్లు, పడుకునే ముందు మరోసారి. మీద నీళ్ళు తాగొద్దు, తెప్ప చెదిరిపోతుంది. రాత్రి మంటకి ఫామోటిడిన్ అనే వేరే రకం ఆమ్లం మందు 20 మిల్లీగ్రాములు అప్పుడప్పుడు వాడొచ్చు. రోజూ వాడితే ఒకటి రెండు వారాల్లోనే పదును తగ్గుతుంది. రానిటిడిన్ వద్దు. అందులో ఎన్‌డీఎంఏ అనే, క్యాన్సర్ తేవచ్చని అనుమానించే మలినం పోగవుతోందని అమెరికా ఎఫ్‌డీఏ 2020 ఏప్రిల్‌లో మార్కెట్ నుంచి తీసేయించింది. ఈనో లాంటి సోడా పొడులు నిమిషాల్లో హాయినిస్తాయి గానీ వాటిలో సోడియం చాలా ఎక్కువ, వదిలే గ్యాసు కడుపుని ఉబ్బించి ద్వారాన్ని ఇంకాస్త తెరిపిస్తుంది. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు అలవాటు చేసుకోకూడదు. థైరాయిడ్ మాత్రకీ ఏ యాంటాసిడ్‌కైనా నాలుగు గంటల ఎడం ఉండాలి.

ఎవరు ఆపకూడదో కూడా చెప్పాలి. అన్నవాహికలో తీవ్రమైన పుండ్లు, అంటే రిపోర్టులో లాస్ ఏంజెలెస్ గ్రేడ్ సీ లేదా డీ అని ఉన్నవాళ్ళు, బ్యారెట్స్ (ఆమ్లం తగిలి తగిలి అన్నవాహిక లోపలి పొర మారిపోవడం) ఉన్నవాళ్ళు, ఆస్పిరిన్ లేదా రక్తం పలుచబరిచే మందు వాడుతూ రక్తస్రావం ముప్పు ఉన్నవాళ్ళు దీర్ఘకాలం వాడాల్సిందే. వాళ్ళు వాట్సాప్‌లో వచ్చే కిడ్నీ, మతిమరుపు హెచ్చరికలు చదివి మానేయడం చాలా ప్రమాదం. 17 వేలకు పైగా రోగుల మీద మూడేళ్ళు పాంటోప్రజోల్‌ని ఉత్తుత్తి మాత్రతో పోల్చిన పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. కొద్దిగా పెరిగింది పేగు ఇన్ఫెక్షన్లు మాత్రమే. ఏళ్ళ తరబడి వాడేవాళ్ళు బీ12, మెగ్నీషియం అప్పుడప్పుడు చూపించుకుంటే సరిపోతుంది, ముఖ్యంగా మాంసం తినని వాళ్ళు. రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళు ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ తప్పించి పాంటోప్రజోల్ తీసుకోవాలి.

ఎండోస్కోపీ నార్మల్ అన్న మాట దగ్గరికి వద్దాం. నిజంగా రిఫ్లక్స్ (కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నడం) ఉన్నవాళ్ళలో కూడా ఎక్కువమందికి ఎండోస్కోపీ నార్మల్‌గానే వస్తుంది. పైగా మాత్ర వాడుతుండగా చేస్తే, ఉన్న చిన్న పుండ్లు అప్పటికే మానిపోయి ఉంటాయి. కాబట్టి ఆ రిపోర్టు క్యాన్సర్, పెద్ద పుండు, ఇరుకు లేవని మాత్రమే చెబుతుంది. రిఫ్లక్స్ ఉందో లేదో చెప్పదు. రిపోర్టులో తరచూ కనిపించే "లాక్స్ ఎల్‌ఈఎస్", "మైల్డ్ యాంట్రల్ గ్యాస్ట్రైటిస్" (అన్నవాహిక ద్వారం వదులుగా ఉంది, కడుపు కింది భాగం కొద్దిగా వాచింది) అన్న మాటల మీద మీ బాధంతటినీ మోపకండి. ఏ బాధా లేనివాళ్ళలో కూడా అవి కనిపిస్తాయి. ఒక్కటి అడిగి తెలుసుకోండి: అన్నవాహిక నుంచి ముక్క తీసి పరీక్షకి పంపారా? ముద్ద మింగేటప్పుడు అడ్డం పడుతుంటే, అలర్జీ ఉన్నవాళ్ళలో ముఖ్యంగా, ఇయోసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అనే జబ్బు (అలర్జీ కణాలు చేరి అన్నవాహిక వాయడం) కొన్నిసార్లు కంటికి మామూలుగా కనిపించి ముక్క పరీక్షలోనే దొరుకుతుంది. దానికి పైనా కిందా కలిపి కనీసం ఆరు ముక్కలు తీయాలి.

రిఫ్లక్స్ ఉందో లేదో తేల్చేది ఆమ్లాన్ని కొలిచే పీహెచ్ పరీక్ష. ముక్కు గుండా సన్నటి తీగ వేసి, అన్నవాహిక కింది ద్వారానికి 5 సెంటీమీటర్లు పైన దాని సెన్సారుని నిలిపి 24 గంటలు ఉంచుతారు. నడుముకి చిన్న పెట్టె ఉంటుంది. మంట వచ్చినప్పుడు, తిన్నప్పుడు, పడుకున్నప్పుడు బటన్ నొక్కాలి. ఇంపిడెన్స్ (ద్రవమైనా గాలైనా పైకి రావడాన్ని పట్టే కొలత) కూడా ఉన్న తీగైతే ఆమ్లం లేని రిఫ్లక్స్, గాలి త్రేన్పులు కూడా లెక్కకి వస్తాయి, అదే అడగండి. దీనికి ముందు మానోమెట్రీ అనే ఒత్తిడి పరీక్ష చేస్తారు. సెన్సారు ఎక్కడ పెట్టాలో తెలియడానికే కాదు, అకలేసియా అనే జబ్బుని పట్టుకోవడానికి కూడా. అందులో ద్వారం తెరుచుకోక అన్నం అన్నవాహికలోనే నిలిచి పులుస్తుంది. రోగి దాన్ని పులిత్రేన్పు అంటాడు, ఏళ్ళ తరబడి గ్యాస్ మాత్రలు మింగుతాడు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి నగరాల్లో పెద్ద గ్యాస్ట్రో విభాగాల్లో అడిగితే ఈ రెండూ ఎక్కడ చేస్తారో చెబుతారు.

ఇక్కడ జరిగే తప్పులు మూడు. మాత్ర వాడుతూనే పరీక్ష చేయించడం మొదటిది. మీలాగా ఇంకా రుజువు కాని కేసులో కనీసం 7 రోజులు మాత్ర ఆపి చేయాలి. రెండోది, తీగ ఉంది కదా అని ఆ రోజు మజ్జిగన్నంతో సరిపెట్టుకుని కదలకుండా కూర్చోవడం. మీకు మంట పుట్టించే రోజు ఎలా ఉంటుందో అలాగే గడపండి. ఆవకాయ తినే అలవాటుంటే తినండి, ఆఫీసుకి వెళ్ళండి, పదింటికే భోజనం చేయండి. మూడోది, బటన్ నొక్కడం మరిచిపోవడం. అప్పుడు మంటకీ ఆమ్లానికీ లంకె ఉందో లేదో లెక్క కట్టలేరు.

రిపోర్టులో ముందు చూడాల్సిన సంఖ్య, 24 గంటల్లో ఎంత శాతం సేపు అన్నవాహికలో ఆమ్లం ఉందన్నది. లియాన్ కన్సెన్సస్ పేరుతో 2018లో వచ్చి 2023లో సవరించిన ప్రమాణాల ప్రకారం 6 శాతం దాటితే రిఫ్లక్స్ జబ్బు ఖాయం, 4 శాతం లోపు మామూలే, మధ్యలో ఉంటే మిగతా ఆధారాలు చూడాలి. ఆరు దాటితే మందు, బరువు, పడక మార్పులు, చివరికి ఆపరేషన్ దాకా దారి ఉంది. నాలుగు లోపే ఉండి మంట వచ్చిన ప్రతిసారీ రిఫ్లక్స్ కనిపిస్తే, మామూలు ఆమ్లానికే మీ అన్నవాహిక నరాలు అతిగా స్పందిస్తున్నాయన్నమాట. నాలుగు లోపు ఉండి మంటకీ రిఫ్లక్స్‌కీ సంబంధమే లేకపోతే దాన్ని ఫంక్షనల్ హార్ట్‌బర్న్ అంటారు. ఈ ఆఖరి రెండు రకాలూ చాలా మామూలు. వాటికి యాంటాసిడ్లు ఎన్ని మార్చినా పెద్దగా లాభం ఉండదు.

అలా తేలితే "టెన్షన్" అన్న మాట మళ్ళీ వినిపిస్తుంది. మంట కల్పితం కాదు. అన్నవాహిక నుంచి మెదడుకి వెళ్ళే కబురు పెద్దదై చేరుతోంది. నిద్రలేమి, ఆందోళన ఆ కబురుని ఇంకా పెంచుతాయి, నిజమే, కానీ అక్కడ పుట్టించేది ఒక్క ఆందోళనే కాదు. దీనికి అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు రాత్రి పూట మొదలుపెట్టి, అవసరమైతే 25 వరకు పెంచుతారు. మందుల షాపులో "ఇది డిప్రెషన్ మాత్ర" అని చెబితే కంగారు పడకండి. డిప్రెషన్‌కి వాడే మోతాదు దీనికి ఎన్నో రెట్లు. నాలుగు నుంచి ఆరు వారాలు ఓపిక పట్టాలి. నోరు ఎండడం, పొద్దున మత్తు, మలబద్ధకం వస్తాయి. మత్తు ఎక్కువైతే మాత్రని రాత్రి ఎనిమిదికే వేసుకుంటే పొద్దుటికి తేలికపడుతుంది. గుండె లయ సమస్య ఉన్నవాళ్ళు ముందు ఈసీజీ తీయించుకోవాలి.

ఉబ్బరం, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం మాత్రం వేరే పద్దు. మంటతో కలిపి "గ్యాస్" అని ఒకే మూటలో కట్టేయడం వల్లే అసలు కారణం దొరకదు. తినగానే నిండిపోవడం ఫంక్షనల్ డిస్పెప్సియా లక్షణం. అందులో కడుపు పైభాగం అన్నానికి చోటిచ్చేలా సాగదు. దీనికి కొద్దికొద్దిగా నాలుగైదు సార్లు తినడం, నూనె తగ్గించడం అన్నిటికన్నా ముందు. హెచ్ పైలోరీని కూడా మళ్ళీ చూడాలి, ఎందుకంటే మీ పరీక్ష మాత్ర వాడుతుండగా జరిగింది. ఆమ్లం తగ్గినప్పుడు ఆ క్రిమి పలుచబడి పరీక్షకి చిక్కదు. యూరియా శ్వాస పరీక్ష గానీ మలంలో యాంటిజెన్ పరీక్ష గానీ చేయించాలి, రెండు వారాల ముందు మాత్ర, నాలుగు వారాల ముందు యాంటీబయాటిక్స్ ఆపి. రక్తంలో యాంటీబాడీ పరీక్షకి డబ్బు పెట్టకండి. ఎప్పుడో పోయిన క్రిమికి కూడా అది పాజిటివ్ చూపిస్తుంది. క్రిమి ఉంటే 14 రోజుల కోర్సు ఒక్క మాత్ర వదలకుండా పూర్తి చేసి, నాలుగు వారాలాగి పోయిందో లేదో మళ్ళీ చూసుకోవాలి. క్రిమి పోయినా ఉబ్బరం అందరికీ పోదని ముందే తెలిసి ఉండడం మంచిది.

తర్వాత పాలు. దక్షిణాదిలో పెద్దవాళ్ళలో చాలామందికి పాలలోని లాక్టోజ్ సరిగా అరగదు. అసిడిటీకి చల్లటి పాలు తాగమంటారు గానీ, పది నిమిషాల చల్లదనం తర్వాత పాలలోని ప్రొటీన్, కాల్షియం మళ్ళీ ఆమ్లాన్ని ఊరిస్తాయి, మిగిలిన లాక్టోజ్ పెద్దపేగులో పులిసి గ్యాస్ అవుతుంది. రెండు వారాలు కాఫీ టీల్లో కూడా పాలు మానేయండి. పెరుగు, మజ్జిగ పర్వాలేదు, తోడుకునేటప్పుడే అందులోని క్రిములు లాక్టోజ్‌ని కొంత తినేస్తాయి. రెండు వారాలయ్యాక ఒక రోజు ఖాళీ కడుపుతో 250 మిల్లీలీటర్ల పాలు తాగి ఆరు గంటలు గమనించండి. పొట్ట గుడగుడలాడి ఉబ్బితే సమాధానం దొరికినట్టే.

పాలతో తేలకపోతే ఫాడ్‌మ్యాప్ పద్ధతి. మెల్‌బోర్న్‌లోని మొనాష్ యూనివర్సిటీ వాళ్ళు రూపొందించిన ఆహార క్రమం ఇది. పేగులో పులిసే పిండిపదార్థాలని నాలుగు నుంచి ఆరు వారాలు తగ్గించి, తర్వాత ఒక్కొక్కటీ మూడేసి రోజులు తిని చూడాలి. మనకి అన్నం ఉండడం పెద్ద సుఖం, అది ఈ లెక్కలో నిరపాయం. గోధుమ, ఉల్లి, వెల్లుల్లి, శనగలు, రాజ్మా, ఎక్కువ పప్పు, మామిడిపండు అసలు అనుమానితులు. వెల్లుల్లి వాసన వదులుకోలేకపోతే రెబ్బల్ని నూనెలో వేయించి తీసిపారేయండి. ఉబ్బరం తెచ్చే ఫ్రక్టాన్లు నీళ్ళలో కరుగుతాయి, నూనెలో కరగవు, కాబట్టి వాసన మాత్రమే మిగులుతుంది. అదే రెబ్బ చారులో వేస్తే రెబ్బ తీసినా చారులో ఫ్రక్టాన్లు ఉండిపోతాయి. పప్పు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి వండితే కొంత నయం. ఆరు వారాలకి మించి ఈ కట్టడి సాగించకండి, పేగులకి మేలు చేసే క్రిముల తిండి కూడా అదే. గోధుమ మానేసే ముందే సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) కోసం టీటీజీ ఐజీఏ రక్తపరీక్ష చేయించండి. మానేశాక చేస్తే ఉన్న జబ్బు కూడా దాక్కుంటుంది. విరేచనం సాఫీగా అవుతోందా అని కూడా నిజాయితీగా చూసుకోండి. రోజూ వెళ్తున్నా పూర్తిగా కాలేదనిపిస్తే అదే ఉబ్బరానికి సగం కారణం.

త్రేన్పుల మీద ఒక చిన్న పరిశీలన. నిద్రలో, మాటల్లో మునిగి ఉన్నప్పుడు త్రేన్పులు ఆగిపోయి, గమనించుకుంటే వరసగా వస్తున్నాయా? అయితే ఆ గాలి కడుపులోంచి రావడం లేదు. తెలియకుండానే గాలిని అన్నవాహికలోకి పీల్చి వెంటనే వదులుతున్నారన్నమాట. దీనికి మందు లేదు, ఊపిరి ఉంది. ఒక చెయ్యి బొడ్డు మీద, ఒకటి ఛాతీ మీద పెట్టి, ఛాతీ కదలకుండా పొట్ట లేచేలా 4 అంకెలు పీల్చి 6 అంకెలు వదలాలి. నోరు కొద్దిగా తెరిచి, నాలుక కొసని పై పళ్ళ వెనక ఆనించి ఉంచితే గాలి మింగడం కుదరదు. ప్రతి భోజనం తర్వాత 5 నుంచి 10 నిమిషాలు. ఈ ఊపిరి ఛాతీకీ పొట్టకీ మధ్య కండరమైన డయాఫ్రమ్‌కి పనిచెప్పి ద్వారాన్ని కూడా బిగిస్తుంది కాబట్టి మంట ఉన్నవాళ్ళకి కూడా మేలు.

గొంతులో ఉండ సంగతి: అన్నం తింటుంటే అది పోయి, ఊరికే ఉన్నప్పుడు, లాలాజలం మింగుతున్నప్పుడు తెలుస్తుంటే అది గ్లోబస్, ప్రమాదం లేనిది. ముద్ద దిగకుండా ఆగుతుంటే అది వేరే జబ్బు, ఆలస్యం చేయకూడదు. మాటిమాటికీ గొంతు సవరించుకోవడమే ఆ ఉండని పెంచుతుంది. అలా అనిపించినప్పుడల్లా ఒక గుటక నీళ్ళు తాగండి. ఈఎన్‌టీ వాళ్ళు గొంతు ఎర్రగా ఉందన్నంత మాత్రాన రిఫ్లక్స్ రుజువైనట్టు కాదు.

పడక, తిండి దగ్గర మీరు మార్చాల్సింది ముఖ్యంగా ఒకటే: పదింటి భోజనం, పదకొండింటి పడక. మధ్యలో మూడు గంటలు ఉండాలి. కుదరకపోతే ఏడింటికే అసలు భోజనం కానిచ్చి, ఇంటికొచ్చాక పల్చటి మజ్జిగన్నమో జావో తీసుకోండి. మంచం తలవైపు కాళ్ళ కింద రెండేసి ఇటుకలు పెడితే దాదాపు 15 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది, అదే కావలసింది. దిండ్లు పేర్చుకుంటే నడుము దగ్గర మడతపడి పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది, మంట ఎక్కువవుతుంది. ఎడమవైపు తిరిగి పడుకోండి. అప్పుడు కడుపు సంచి ద్వారం కన్నా కిందికి వేలాడుతుంది. మధ్యాహ్నం కునుకు తప్పకపోతే వాలుకుర్చీలో. లంగా బొందు బిగించి కట్టుకోవడం, బిగుతు జీన్స్, ఇవి పొట్టని పిండి ఆమ్లాన్ని పైకి నెడతాయి, వదులు చేసుకోండి.

తిండిలో అందరికీ ఒకే జాబితా ఉండదు. "పులుపు మానేయండి" అన్నది సగమే నిజం. చింతపండు, నిమ్మ కన్నా కడుపులోని ఆమ్లం ఎన్నో రెట్లు ఘాటు, కాబట్టి పులుపు ఆమ్లాన్ని పెంచదు. అప్పటికే ఒరుసుకుపోయిన అన్నవాహిక మీద పడినప్పుడు మాత్రం చురుక్కుమంటుంది. మిరపకారం మంటని గుర్తించే నరాలనే తట్టి లేపుతుంది, అందుకే ఆమ్లం లేకపోయినా మండుతుంది. నిజంగా ద్వారాన్ని వదులు చేసి కడుపు ఖాళీ కావడం ఆలస్యం చేసేవి నూనె, ఎక్కువ మోతాదు. ఆవకాయలో ముక్క తిని నూనె వదిలేయడం, బిర్యానీ సగం ప్లేటుతో ఆపడం, పూర్తిగా మానేసి మూడో రోజు మళ్ళీ మొదలుపెట్టడం కన్నా మంచిది. పుదీనా ద్వారాన్ని సడలిస్తుంది, మంట ఉన్నవాళ్ళకి పడదు. వాము, జీలకర్ర నీళ్ళు హాని చేయవు. గోలీసోడా, కూల్‌డ్రింకులు ఉబ్బిస్తాయి. బరువు ఈ ఏళ్ళలో నాలుగైదు కిలోలు పెరిగి ఉంటే దాన్ని దించడం ఏ మాత్రకీ తక్కువ కాదు.

వాడే ఇతర మందులు ఒకసారి చూసుకోండి. నొప్పి మాత్రలు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, బీపీకి ఆమ్లోడిపిన్, మొటిమలకి డాక్సీసైక్లిన్, ఐరన్, మెట్‌ఫార్మిన్, బరువు తగ్గడానికి వాడే సెమాగ్లుటైడ్, ఒక్కొక్కటీ ఒక్కో రకంగా ఇబ్బంది పెడుతుంది. డాక్సీసైక్లిన్‌ని గుక్కెడు నీళ్ళతో మింగి పడుకుంటే అన్నవాహికలోనే అంటుకుని పుండు చేస్తుంది. నిండు గ్లాసు నీళ్ళు, తర్వాత అరగంట నిలువుగా ఉండాలి.

ఆపరేషన్ గురించి ఎవరైనా చెబితే పీహెచ్ రిపోర్టు లేకుండా ఒప్పుకోకండి. కడుపు పైభాగాన్ని ద్వారం చుట్టూ చుట్టి కుట్టే ఫండోప్లికేషన్ నిజమైన రిఫ్లక్స్‌కి మంచి ఫలితమిస్తుంది, కానీ తర్వాత త్రేన్పు రావడం కష్టమై ఉబ్బరం పెరుగుతుంది. మీకు ఇప్పటికే ఉబ్బరం ఉంది.

బరువు దానంతటదే తగ్గడం, నల్లటి మలం, రక్తపు వాంతి, ముద్ద దిగకపోవడం, రక్తహీనత, ఆగని వాంతులు, వీటిలో ఏది కనిపించినా పైన చెప్పిన వారాల లెక్కలన్నీ పక్కన పెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మెట్లెక్కితే వచ్చి ఆగితే తగ్గే మంట, చెమటలు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, ఆయాసం అయితే అది గ్యాస్ అనుకోకండి. 108కి ఫోన్ చేయండి. యాంటాసిడ్ తాగాక తగ్గిందంటే గుండె కాదని అర్థం కాదు. ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగే పదార్థం) రక్తపరీక్ష చూసే దాకా కాదనుకోకూడదు.

ఇక పని వరస. జంట క్యాప్సూల్ మార్పు, ప్రొలాక్టిన్ పరీక్ష ఈ వారమే. ఒక్క రాబెప్రజోల్‌ని సరైన టైముకి 8 వారాలు వాడి, ఆ రోజుల్లోనే పాల ప్రయోగం, పడక మార్పులు, ఊపిరి సాధన కానివ్వండి. మంట తగ్గితే మెట్లు దిగి ఆపేయండి. తగ్గకపోతే మాత్ర ఆపి, పదో రోజుకి పీహెచ్, మానోమెట్రీ, పద్నాలుగు దాటాక హెచ్ పైలోరీ శ్వాస పరీక్ష పెట్టించుకోండి. ఆపినప్పటి మంట రెండుసార్లు పడకుండా ఒకే విరామంలో అన్నీ అయిపోతాయి. ఆ రోజుల్లో ఆల్జినేట్ తాగొచ్చు, పీహెచ్ పరీక్షకి ముందు రోజు నుంచి మాత్రం అది కూడా ఆపాలి, ఫామోటిడిన్ అయితే మూడు రోజుల ముందే.